గొడుగులాయన గుర్రమెక్కిన గురువారాలు

మొన్న గురువారం సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి ఇంటి తలుపు తీసేసరికి లూమీ వాసన గుప్పుమంది. లూమీ అంటే ఇక్కడివాళ్ళు ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెట్టే నిమ్మకాయ. చూడ్డానికి నల్లగా, గట్టిగా, ఎందుకూ పనికిరానిదానిలా ఉంటుంది గానీ, ఉడుకుతున్న శనగల్లో ఒక్కటి చితక్కొట్టి వేస్తే ఆ పులుపు వాసన మెట్లు దిగి వీధిలోకి పోతుంది. కువైటీలు చలికాలంలో ఆ శనగల్ని గిన్నెల్లో పోసుకుని రసంతో సహా తాగుతారు. మా అమ్మ మాత్రం ఆ శనగలకి ఎండుమిరపకాయలు, ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి పోపు పెట్టి, కువైట్‌కీ కోనసీమకీ ఏనాడో వియ్యం కలిపేసింది. అమ్మా నాన్నా విజిట్ వీసా మీద వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది, సూట్‌కేసులు ఇంకా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి, సబా అల్ సలేంలోని మా ఫ్లాటు వంటగది మాత్రం అప్పుడే అమ్మ వశమైపోయింది.

ఆ వాసన తగిలితే నా వయసు నాకు గుర్తుండదు. బ్యాగు భుజాన ఉండగానే నేను ఫహాహీల్లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, కింద ఇస్త్రీ దుకాణమూ పైన నాలుగంతస్తుల కాపురాలూ ఉన్న పసుపురంగు బిల్డింగులో తొమ్మిదేళ్ళ పిల్లనైపోతాను. పొద్దున్నే ఇస్త్రీ ఆవిరి వాసన, మధ్యాహ్నం ఎవరింట్లోనో వేగుతున్న చేప వాసన, సాయంత్రం సముద్రపు గాలితో కలిసొచ్చే పెట్రోలు వాసన, వీటితోనే మేము టైము చెప్పేవాళ్ళం. ఎండాకాలమంతా కిటికీ పెట్టెల ఏసీలు కింద పెట్టిన బకెట్లలోకి టపటపా నీళ్ళు కార్చేవి. తోజ్ వచ్చిందంటే, అదే దుమ్ము తుఫాను, ఆకాశం పసుపు కలిపినట్టయి, అమ్మలు తడి తువ్వాళ్ళు తలుపు సందుల్లో కుక్కేవాళ్ళు, బడికి సెలవిచ్చేవాళ్ళు, మేమందరం వరండాలో కూర్చుని ఖర్జూరం గింజలు పావులుగా పెట్టి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. వినాయక చవితికి పత్రి ఎక్కడ దొరుకుతుంది? సూక్‌కి, అంటే బజారుకి పోయి జర్జీరు ఆకు కట్టలు, పుదీనా, కొత్తిమీర, ఇంకా పేరు తెలియని ఆకులు నాలుగు తెచ్చి, "ఆకు ఆకే, ఆయన తినేదేం లేదు, చూసేదే కదా" అంటూ అమ్మ ఇరవయ్యొక్క పేర్లూ చదివేసేది. వినాయకుడు ఆ ఏడాది కూడా మమ్మల్ని పాసు చేయించేవాడు కనక ఆయనకి అభ్యంతరం ఉందని ఎవరూ అనుకోలేదు.

మా అమ్మది అమలాపురం దగ్గర లంక ఊరు. గోదావరి పొంగినప్పుడు పడవ మీద బడికెళ్ళిన మనిషి. పాముని చూస్తే కర్ర వెతికేది, మనిషి అరిస్తే తనూ అరిచేది. అరబ్బీ ముక్క రాకపోయినా సూక్‌లో చేపలవాడితో గోదావరి జిల్లా తెలుగులోనే బేరమాడి గెలిచి వచ్చేది. మా నాన్నది బెజవాడ. గవర్నరుపేట సందుల్లో పుట్టి, ఆ సందుల్లోనే పెరిగి, సైకిలు కూడా ఎక్కకుండా నడిచే ఉద్యోగానికి పోయిన పట్నం మనిషి. కువైట్ ఎలా వచ్చాడని అడిగితే, "మీ అమ్మ ఫారం నింపింది" అనేవాడు.

నాన్నకి భయం లేనివి పెరుగన్నమూ, అచ్చు కాగితమూ మాత్రమే. లిఫ్టు మధ్యలో ఆగుతుందేమోనని మెట్లెక్కేవాడు. కుక్కరు మూడో కూత కూస్తే పేపరు మడిచి బాల్కనీలోకి పోయేవాడు. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే అలలకి చాలా దూరంలో చాప వేయించి, "ఇక్కణ్ణించి కూడా బాగానే కనిపిస్తోంది" అనేవాడు. రోడ్డు దాటాలంటే ఎవరైనా ఈజిప్టువాళ్ళో ఫిలిప్పీనువాళ్ళో దాటేదాకా ఆగి, వాళ్ళ వెనకాల దాటేవాడు. ఆఫీసులో ఫైళ్ళు సర్దే ఉద్యోగం ఆయనకి చక్కగా సరిపోయింది. అరబ్బీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే సగం అర్థమయ్యేది కాదు గానీ, ఆ ఫైళ్ళ పుణ్యమా అని చదవడం మాత్రం ఒక్కో అక్షరమే పట్టుకుని నేర్చేసుకున్నాడు. బస్సులో పోతుంటే దుకాణాల బోర్డులూ, ఇంట్లో ఉంటే మందు సీసాలూ, పాల ప్యాకెట్లూ తనలో తను చదువుకుంటూ ఉండేవాడు. దగ్గు మందు ఎన్ని చెంచాలో నాన్నే చెప్పాలి. ఆయన అరబ్బీ మా ఇంట్లో అంతవరకే అక్కరకొచ్చేది.

ఆ రోజుల్లో సెలవు శుక్రవారం. కనక గురువారం మధ్యాహ్నానికే అందరూ పనుల్లోంచి బయటపడేవాళ్ళు, సాయంత్రానికి మా హాల్లో చాపలు పరిచేవాళ్ళం. ఊరు వెళ్ళిపోతూ ఒక డాక్టరుగారు ఇచ్చిపోయిన వీసీఆర్ మా ఇంట్లో ఉండటమే దానికి కారణం. వీధి చివర మలయాళీ ఆయన క్యాసెట్ల కొట్టు నుంచి ఎప్పుడూ తెలుగు సినిమా తెచ్చేవాళ్ళం. ఒక వారం తెలుగువి అయిపోయాయంటే, తమ్ముడు అట్ట మీద గుర్రం బొమ్మ చూసి ఒక ఇంగ్లీషు సినిమా పట్టుకొచ్చాడు. అది నవ్వుల కౌబాయ్ సినిమా అని కొట్టాయన చెప్పాడట. పెట్టిన పది నిమిషాలకే వీసీఆర్ ఆ టేపుని నమిలింది. అమ్మ జడపిన్నుతో లాగింది, తమ్ముడు పెన్సిల్ పెట్టి తిప్పాడు, ఎలాగో బయటికొచ్చింది. మళ్ళీ పెడితే బొమ్మ వచ్చింది. మాట పోయింది. టేపు అంచు పొడుగునా నలిగిపోయి, గుర్రాలు పరుగెత్తుతున్నా తుపాకులు పేలుతున్నా ఒకటే చప్పుడు, సుయ్‌మని. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీరే ఉంచేసుకోండమ్మా అన్నాడు.

ఆ గురువారం హాలు నిండా జనం. శనగలు ఉడికిపోయాయి. పిల్లలు మొహాలు వేలాడేశారు. అప్పుడు అమ్మ టీవీ పక్కన ముక్కాలి పీట వేసుకుని, కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. "ఈ సినిమా నేను చిన్నప్పుడు అమలాపురంలో చూసేను. మొత్తం నాకు నోటికొచ్చు. మాట లేకపోతే ఏం, నేను చెప్తాను, చూడండి" అంది. చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క గురువారం కోసం మొదలుపెట్టింది మా బాల్యమంతా సాగింది. కొత్త సినిమాలు వచ్చాయి, పెద్ద హీరోలవి వచ్చాయి, "అవి రేపు చూద్దాం, ఈ రోజు గొడుగులాయన సినిమా" అని పిల్లలందరం చాపల మీంచి కదిలేవాళ్ళం కాదు.

కథ ఏమిటంటే, మహాపట్నం నుంచి ఒక గొడుగులమ్మేవాడు పడమటి ఎడారిలోని ఊరికి వస్తాడు. కళ్ళజోడు, గుండ్రటి టోపీ, చంకలో గొడుగుల పెట్టె. ఆ ఊళ్ళో వానే పడదు. బండి దిగీ దిగగానే గుర్రం తుమ్మితే ఆయన పీపా వెనక దాక్కుంటాడు. ఊరిని ఒక మీసాల దొంగ పీడిస్తుంటాడు. పూటకూళ్ళిల్లు నడిపే ఒకావిడ తుపాకి పట్టుకుని ఆ దొంగని ఎదిరిస్తుంటుంది. గొడుగులాయన ఆవిణ్ణి చూసి ఇష్టపడతాడు, ఆవిడ తుపాకిని చూసి భయపడతాడు. ఇంతే. బొమ్మని బట్టి మాకు అర్థమైంది ఇంతే, మిగతాదంతా అమ్మ నోట్లోంచే వచ్చింది.

దొంగకి అమ్మ రాజంపేట మాట ఇచ్చింది. మా కింద అంతస్తులో ఉండే సుబ్బరాయుడు మామది రాజంపేట. కువైటీల ఇంట్లో డ్రైవరు, భారీ మనిషి, భారీ మీసం, ఈగకి కూడా హాని చెయ్యడు. "ఏమిరా గొడుగులోడా, యాడికి పోతాండావు? వానే లేని ఊర్లో నీ గొడుగు ఎవురికి కావల్లరా?" అని అమ్మ గొంతు బొంగురు చేసి అంటుంటే, ముందు వరసలో కూర్చున్న సుబ్బరాయుడు మామ చాప తడుతూ, "నా మాదిరే మాట్లాడతాండాడు సూడు ఆ దొంగనాయాలు" అని మురిసిపోయేవాడు. గుర్రానికి పై అంతస్తు కరీంనగర్ పిన్ని మాట. "పరేషాన్ గాకు సారూ, నేనున్న గద" అనేది గుర్రం. పూటకూళ్ళావిడకి అమ్మ తన మాటే పెట్టుకుంది. ఇక గొడుగులాయనకి? ఎవరికీ చెప్పక్కర్లేదు. "ఎందుకొచ్చిన గొడవ? ముందు ఒకసారి కూర్చుని ఆలోచిద్దాం" అని గొడుగులాయన మొదటి మాట అనగానే హాలంతా తిరిగి వెనక్కి చూసింది. గోడకి ఆనుకుని కుర్చీలో శనగలు తింటున్న మా నాన్న ఒక్క క్షణం ఆగి, "నేనలా అంటానా?" అన్నాడు. అందరూ అంటారని చెప్పారు. ఆయనా నవ్వాడు. అప్పటినుంచి నాన్న కుర్చీ అక్కడే, ఒక్క గురువారం కూడా తప్పలేదు.

తెర కింద అరబ్బీ అక్షరాలు పోతుండేవి. మేము బడిలో నేర్చుకున్న అరబ్బీ తలుపు, కిటికీ, ఒంటె దగ్గరే ఆగిపోయింది, ఆ పరుగెత్తే అక్షరాలు మాకెక్కడ అందుతాయి? వాటిని తెర అంచున ముగ్గు అనుకునేవాళ్ళం. పైగా అమ్మ గొంతు మొదలైతే అక్షరాల కేసి చూడాలని ఎవరికి తోస్తుంది?

టేపు చివర కూడా పాడయింది. ఆఖరి బొమ్మ ఇదీ: ఊరి బయట గుర్రం నిలబడి ఉంటుంది. పక్కన ఆవిడ. గొడుగులాయన ఒక కాలు రికాబులో పెట్టి, జీను కేసి చెయ్యి చాచి, ఆవిడ వైపు తిరిగి ఏదో చెప్తుంటాడు. అక్కడితో తెర మీద తెల్లటి చుక్కలు బుసబుసలాడేవి. ఆ చుక్కల మీద అమ్మ మిగతా సినిమా చూపించేది. ఎలా ఎక్కాడు, ఎలా పడబోయి మెడ పట్టుకున్నాడు, దొంగలు ఎదురైతే ఎలా గొడుగు ఫట్‌మని తెరిచాడు, దొంగల గుర్రాలు బెదిరి ఎలా పారిపోయాయి. ప్రతి వారం కొంచెం మారేది. ఒకసారి గొడుగు ఒకటి తెరిస్తే ఇంకోసారి పెట్టెలోవన్నీ తెరిచేవాడు. గుర్రమెక్కడం మాత్రం మారేది కాదు. ఖాళీ తెర చూస్తూ మేము చప్పట్లు కొట్టేవాళ్ళం.

ఆ చలికాలంలోనే పిడుగులాంటి కబురొచ్చింది. నాన్న ఆఫీసు ఫహాహీల్ నుంచి అర్దియాకి మారిపోతోందన్నారు. అర్దియా ఊరికి ఆ చివర. కంపెనీ బస్సు రాదు, ఎవరి బండి వాళ్ళదే, లైసెన్సు లేనివాళ్ళు అక్కడే కంపెనీ ఇచ్చే గదిలో నలుగురితో కలిసి ఉండాలి. అంటే నాన్న బ్యాచిలరు గదికి, మేము ముగ్గురం బెజవాడకి. ఈ మాట అమ్మ మాకు దాచకుండా చెప్పింది. "మీ నాన్నకి ఎండాకాలంలోపు లైసెన్సు వస్తే అందరం ఇక్కడే. రాకపోతే మనం ఊరికి" అంది. తమ్ముడు వెంటనే ఏడుపు లంకించుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. వరండా, ఇస్త్రీ ఆవిరి, గురువారాలు, నాన్న, ఒక్కసారే పోయేవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

నాన్న అప్పటికే ఒకసారి పరీక్షకి వెళ్ళొచ్చాడు. అది మా బిల్డింగులో అందరికీ తెలిసిన కథ. పక్కన పోలీసు అధికారి కూర్చున్నాడు. కొంచెం దూరం పోయాక బండి ఆగిపోయింది. ఆయన ఇంకా ఏమీ అనలేదు, అరవలేదు, కనీసం తల తిప్పలేదు. మా నాన్నే "ఖలాస్ సార్" అన్నాడు. బెల్టు తీశాడు, థాంక్స్ చెప్పాడు, తలుపు తీసుకుని దిగి, చక్కగా నడిచి ఇంటికొచ్చేశాడు. అధికారి బండిలో ఒక్కడూ కూర్చుని ఎంతసేపు చూశాడో మాకు తెలియదు. "మనల్ని ఎవరన్నా దింపితే దిగాలండీ, మనకి మనమే దిగిపోతామా?" అని అమ్మ అడిగితే, "మర్యాదగా ఉంటుందని" అన్నాడు నాన్న.

ఈసారి సుబ్బరాయుడు మామ పూనుకున్నాడు. శుక్రవారం పొద్దున్నే తెలిసినవాళ్ళ వానెట్టు అడిగి తెచ్చేవాడు. ముందు ఇద్దరు, వెనక తొట్టిలో సామాను పట్టే చిన్న బండి అది. వెనక మేమందరం, పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులు, చాపలు. చలికాలం కువైట్ ఎడారిని అప్పుడు చూడాలి. వాన నాలుగు చినుకులు పడితే చాలు, నేలంతా పచ్చటి నూగు మొలిచేది. ఎక్కడ చూసినా కువైటీల గుడారాలు, పొయ్యిల మీద టీ, కాలుతున్న కట్టెల వాసన, దూరంగా పిల్లలు తోలే చిన్న మోటారు బళ్ళ చప్పుడు. యుద్ధం జరిగిన నేల కనక తొక్కిన దారి దాటొద్దని, ఇనప ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దని పెద్దవాళ్ళు ఒట్లు వేయించుకునేవాళ్ళు. గుడారాల వెనక గట్టినేల ఒకటి ఉండేది. అక్కడ మామ నాన్నని స్టీరింగు ముందు కూర్చోబెట్టేవాడు.

"క్లచ్చు ఇడ్సు సారూ. అట్ల కాదు, నిదానంగా. నీకేం భయ్యం లేదు, నేనుండా కదా."

"ముందు ఒకసారి ఆలోచిద్దాం సుబ్బరాయుడూ."

"ఆలోచించేకి ఏముంది సారూ ఈడ, గోడా లేదు, చెట్టూ లేదు. గుద్దల్లన్నా ఏమీ దొరకదు."

కానీ దొరికింది. ఒకనాడు ఒంటెల మంద అడ్డొచ్చింది. నాన్న ఆపేసి అద్దాలు పైకి తిప్పేసుకున్నాడు. ఆయన వైపు అద్దం పూర్తిగా పైకి రాదు, ఆ సంగతి మామకి తెలుసు, ఒంటెకి తెలిసింది, నాన్నకి తెలియలేదు. పెద్ద ఒంటె ఒకటి వచ్చి, పెదాలు ఆ సందులో దూర్చి, నాన్న టోపీని వాసన చూసింది. నాన్న ఊపిరి బిగబట్టాడు. వెనక తొట్టిలోంచి అమ్మ గుర్రం గొంతు పెట్టి, "పరేషాన్ గాకు సారూ" అంది. అంతే, కరీంనగర్ పిన్ని చాప మీద దొర్లింది, మామ తలుపుకి తల ఆనించి నవ్వాడు, ముందు వణికి, తర్వాత బిగిసి, చివరికి మా నాన్న కూడా పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే కాలు క్లచ్చు మీంచి నిదానంగా లేచింది. బండి కుదుపు లేకుండా కదిలింది. ఒంటె మర్యాదగా పక్కకి తప్పుకుంది. "పోతాంది సారూ, పోనీ" అన్నాడు మామ. నాన్న మొట్టమొదటిసారి ఆ నేల చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పాడు.

ఇంటి దగ్గర గురువారాలు కూడా మారాయి. అమ్మ గొడుగులాయన్ని వదల్లేదు. పూటకూళ్ళావిడ మాటలు పొడుగయ్యాయి. "గుర్రాన్ని చూసి మీరెంత బెదిరారో, మిమ్మల్ని చూసి గుర్రం అంతకన్నా బెదిరిపోయిందండీ. ఎవరో ఒకరు ముందు కాలెత్తాలి కదా" అనేది. తుపాకి పట్టుకున్న ఆ తెల్లావిడ గోదావరి యాసలో బతిమాలేది, దెప్పేది, ఒక్కోసారి గొంతు కొంచెం వణికేది. తెర మీద ఆవిడ నవ్వుతూనే ఉండేది. వణికేది పీట మీద కూర్చున్న మా అమ్మే. నాన్న మాత్రం గోడకి ఆనుకుని, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఒక్కో శనగ గింజా నోట్లో వేసుకుంటూ చూసేవాడు.

పరీక్ష ఆదివారం అనగా ముందు గురువారం హాల్లో ఎవరూ నవ్వలేదు. దొంగ మాట్లాడినా సుబ్బరాయుడు మామ చాప తట్టలేదు. ఆఖరి బొమ్మ వచ్చింది. కాలు రికాబులో, చెయ్యి జీను కేసి. అమ్మ పీట మీంచి నాన్న వైపు తిరగలేదు, తెరనే చూస్తూ పూటకూళ్ళావిడ గొంతుతో అంది.

"మీరు ఎక్కి పడిపోయినా నాకేం సిగ్గు కాదండీ. మళ్ళీ ఎక్కుదురు గాని. మీకు మీరే దిగిపోతే మాత్రం నేనెక్కడికి పోను?"

తర్వాత తెల్లచుక్కలు. వెనకనుంచి నాన్న మెల్లగా అడిగాడు. "ఆయన నిజంగా ఎక్కుతాడంటావా?"

"ఎక్కేడండీ" అంది అమ్మ. "నేను అమలాపురంలో చూసేను కదా."

ఆదివారం మధ్యాహ్నం మేము బడి నుంచి వచ్చేసరికి బిల్డింగు గుమ్మంలో అందరూ నిలబడి ఉన్నారు. నాన్న వీధి మలుపులో కనిపించాడు. నడిచే వస్తున్నాడు. కిందటిసారి కూడా నడిచే వచ్చాడు కదా. దగ్గరికొచ్చి, టోపీ తీసి, చెమట తుడుచుకుని, "బండి మళ్ళీ ఆగిపోయింది" అన్నాడు. "పక్కనున్న అధికారి నాకేసి తిరిగి, ఖలాస్? అన్నాడు." సుబ్బరాయుడు మామ కళ్ళు మూసుకున్నాడు. నాన్న తనే నమ్మలేనట్టు మా అందరి మొహాలూ ఒకసారి చూసి, "లా, కాలేదు అన్నాను. యల్లా, పోదాం పదండి అన్నాను. తాళం తిప్పాను" అన్నాడు. అధికారి ఒక్క క్షణం చూసి ఫకాలున నవ్వి, తనూ "యల్లా" అన్నాడట. అక్కణ్ణించి చివరిదాకా బండి ఆగలేదట.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ గుమ్మంలో అందరి ముందూ నాన్న చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ చూడలేదు కనక నేనూ తమ్ముడూ సిగ్గుపడి ఇస్త్రీ దుకాణం వైపు చూశాం. ఆ సాయంత్రం పరవాన్నం గిన్నె ప్రతి అంతస్తుకీ తిరిగింది. మలయాళీ కొట్టాయన కూడా వచ్చి తిన్నాడు. పాత కారొకటి వచ్చాక నాన్న మమ్మల్ని ఎక్కించుకుని సముద్రం పక్క రోడ్డు మీద ఎంత నిదానంగా పోనిచ్చాడంటే, పక్కన బస్సులో వాళ్ళు మాకు చేతులూపి, పలకరించి, ముందుకెళ్ళిపోయారు. "సారు బండి తోల్తాంటే రోడ్డు పక్కన ఇసక రేణువులన్నీ లెక్కపెట్టుకోవచ్చు" అని మామ అందరికీ చెప్పేవాడు. అయినా సరే, అర్దియాకి వెళ్ళి రావడం నాన్న ఒక్కరోజు కూడా తప్పలేదు. మేము బెజవాడ వెళ్ళిపోలేదు, అమ్మా నాన్నా వెళ్ళింది కూడా నాన్న రిటైరయ్యాకే. నా చదువంతా ఇక్కడే అయింది, ఇప్పుడు ఉద్యోగం, సంసారం కూడా ఇక్కడే.

ఇప్పుడు ఆ పసుపు బిల్డింగు లేదు, అక్కడ అద్దాల దుకాణం వచ్చింది. క్యాసెట్ల కొట్టు మొదట సీడీల కొట్టయి, తర్వాత సెల్‌ఫోన్ కవర్ల కొట్టయి, ఇప్పుడు మూసి ఉంది. సెలవు శుక్ర, శనివారాలకి జరిగిపోయి గురువారం మామూలు పనిరోజైపోయింది. సుబ్బరాయుడు మామ ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, ముగించుకుని రాజంపేట వెళ్ళిపోయి, మామిడితోట పెట్టుకుని, ఏటా పండక్కి ఫోను చేస్తాడు. కరీంనగర్ పిన్ని కూతురి దగ్గర ఉంది. వీసీఆర్ ఏ సామాను మార్పుల్లో పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ టేపు అంతకన్నా ముందే ఒకరోజు పుటుక్కున తెగిపోయింది. సినిమా పేరు మాకెవరికీ తెలియదు, అట్ట మీద పేరు వెలిసిపోయి ఉండేది. నేను ఎన్ని ఏళ్ళు వెతికానో, గొడుగులు, గుర్రం, ఎడారి అని ఎన్ని విధాల రాసి చూశానో. దొరకలేదు. మొన్న గురువారం అమ్మ శనగలు వడ్డిస్తూ మనవలకి ఆ కథ చెప్తుంటే, మా పెద్దాడు పక్కన కూర్చుని ట్యాబ్‌లో ఏదో నొక్కి, "అమ్మమ్మా, ఇదేనా?" అన్నాడు.

అదే. కళ్ళజోడు, గుండ్రటి టోపీ, పెట్టె. టీవీకి కలిపి హాల్లో అందరం కూర్చున్నాం, నాన్న అలవాటుగా గోడవైపు కుర్చీ లాక్కున్నాడు. గొడుగులాయన నోరు తెరవగానే నేను ఉలిక్కిపడ్డాను. అది మా నాన్న గొంతు కాదు. ఎవరో లావుపాటి, గడుసు ఇంగ్లీషు గొంతు. దొంగకి రాజంపేట పోయింది, గుర్రానికి అసలు మాటే లేదు. పిల్లలు నవ్వుతున్నారు, నాకు మాత్రం నకిలీ సినిమా చూస్తున్నట్టుంది. అమ్మ ఒకటి రెండుసార్లు ముందే మాట అందించబోయి, టీవీ ఇంకేదో అనేసరికి ఊరుకుంది. ఆఖరి బొమ్మ వచ్చింది. గుర్రం, ఆవిడ, రికాబులో కాలు. నేను ముందుకి వంగాను.

గొడుగులాయన ఆవిడతో, నా వల్ల కాదు, రేపటి బండికి పట్నం వెళ్ళిపోతాను అన్నాడు. చెయ్యి చాచి, జీనుకి కట్టిన గొడుగుల పెట్టె ముడి విప్పి, దించుకుని, కాలు కింద పెట్టాడు. ఆ కాలు ఎక్కడానికి కాదు, పెట్టె అందుకోవడానికి. సినిమా మొత్తంలో ఆయన గుర్రమే ఎక్కలేదు. మర్నాడు బండిలో కూర్చున్నాడు, వాన మొదలైంది, ఊరంతా గొడుగుల కోసం బండి వెనక పరుగెత్తింది, ఆవిడ కూడా మూట సర్దుకుని బండెక్కేసింది. శుభం.

నేను అమ్మ వైపు తిరిగాను. "అమలాపురంలో చూశానన్నావు కదే?"

"అమలాపురంలో ఇంగ్లీషు సినిమాలు ఎవడాడిస్తాడే" అంది అమ్మ, గరిటె చూసుకుంటూ. తర్వాత కొంచెం తగ్గి, "అది పెట్టె దించుకోడమని నాకు మాత్రం ఏం తెల్సు. కాలెత్తేడు కదా, ఎక్కుతున్నాడనే అనుకున్నాను" అంది.

"నాకు తెలుసు" అన్నాడు నాన్న.

అందరం వెనక్కి తిరిగాం. ఆయన శనగల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పాల ప్యాకెట్టు మీద తేదీ చదివి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "కింద అరబ్బీలో వేసేవాడు కదమ్మా. మొదటి గురువారమే చదివాను. పెట్టె దించుకుని రేపు వెళ్ళిపోతాను అని ఉండేది. ప్రతి వారం అదే ఉండేది."

మా అమ్మకి మాట అందకపోవడం నేను మొదటిసారి చూశాను. దొంగకీ, గుర్రానికీ, తెల్లావిడకీ మాటలిచ్చిన మనిషి. గరిటె పట్టుకునే, "మరి చెప్పలేదేటండీ ఇన్నేళ్ళూ?" అంది.

"నువ్వు ఎక్కించేశావుగా" అన్నాడు నాన్న. "ఇంక నేనేం దించేది?"

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, ఏది ముందో నేను చెప్పలేను. తర్వాత టీవీ పక్కకి స్టూలు లాక్కుని, కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది.

"ఆ సౌండు తీసెయ్యరా పెద్దాడా" అంది. "మళ్ళీ మొదటినుంచి పెట్టు."